నాడెకు వేసిన రోగన్

మా ఇంట్లో మెరిసే పూత దేనికైనా ఒక్కటే పేరు, రోగన్. గేటుకు వేసే ఆయిల్ పెయింటూ రోగనే, బీరువా మీది వార్నిషూ రోగనే, నా కూతురు గోళ్ళకు వేసుకునేదీ రోగనే. మరాఠీ బడిలో చదివిన పిల్ల కాబట్టి దానికి ఇది సుతరామూ నచ్చదు. "నెయిల్ పాలిష్ అనాలె నానమ్మా, రోగన్ తర్ గేట్‌లా లావ్తాత్" అంటుంది. రోగన్ అంటే గేటుకు వేసేదట. మా అత్తకు ఆ తేడా పట్టదు. "గేటుకైతేంది, గోళ్ళకైతేంది? ఆరేదాంక ముట్టుకోవద్దు, ఆరినంక పెచ్చులు లేస్తది. రెండూ గదే" అని తేల్చేస్తుంది.

మొన్న పిల్ల పుట్టినరోజుకు ధామన్కర్ నాకా దగ్గరి బేకరీ నుంచి కేకు తెచ్చాం. మొహం చూసుకోవచ్చు అన్నంత మెరుస్తోంది. అత్త దాన్ని చాలాసేపు అనుమానంగా చూసి, "దీనికి గూడ రోగనేసిన్రా?" అంది. ఆ పై పొరనంతా చెంచాతో గీకి పళ్ళెం అంచుకు పెట్టి, లోపలిది తింది. మేము నవ్వాం. నేను కొంచెం తక్కువ నవ్వాను.

ముంబై పక్కన మా భివండీలో ఈ మాటకు పని ఎక్కువ. మన తెలుగువాళ్ళుండే పద్మనగర్‌లో కింద సాంచెలు, పైన సంసారాలు. పవర్‌లూమును మా వాళ్ళు సాంచె అంటారు. అది నడిచినంతసేపూ నూలు నూగు గాలిలో తేలుతూనే ఉంటుంది. సున్నం గోడకు అంటుకుందంటే ఇక వదలదు. అందుకని గదిలో నడుము ఎత్తు వరకు రోగన్ వేయిస్తారు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. అద్దెకు వచ్చేవాళ్ళు నీళ్ళు వస్తాయా అని అడిగిన వెంటనే గోడలకు రోగన్ ఉందా అని అడుగుతారు. సాంచెల అదురుకు లోపల గోడ వదులైపోయినా పైన రోగన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. వేలితో కొడితే డొల్లగా మోగుతుంది. మా గోడ ఆకుపచ్చ కింద నీలం, దాని కింద గులాబీ, ఆ కింద ఎవరి కాలం నాటిదో తెలియని ఒక పసుపు ఉంది.

మా మామ ఈ మాటను మనుషులకు కూడా వాడేవాడు. బట్ట కొనడానికి వచ్చే దలాలు తియ్యగా మాట్లాడి వెళ్ళాక, "మాటకు రోగనేసి ఇచ్చిపోయిండు" అనేవాడు. ఎవరి పెళ్ళిలోనైనా పెళ్ళికూతురి మొహానికి పౌడరు ఎక్కువైతే అదీ రోగనే. ఆయనకు రోగన్ అంటే పెద్దగా గౌరవం ఉండేది కాదు. వాడి వాడి చేతుల కింద నునుపెక్కిన వస్తువే ఆయన లెక్కలో మంచి వస్తువు. ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది.

ఎందుకంటే ఇరవై ఏళ్ళ కిందట, ఒక దసరాకు, మా సాంచెల నాడెలకు నేను రోగన్ వేశాను. దాని వల్ల ఒక మనిషికి ఒక కన్ను పోయింది. ఆ మనిషికి తాగుబోతు అన్న పేరు కూడా వచ్చింది. కన్ను పోవడం నా తెలియనితనం. పేరు రావడం నా నోరు మెదపకపోవడం. రెండో దానికి నా దగ్గర సాకు లేదు. దాన్ని మోసి మోసి అలసిపోయాను.

నేను పెళ్ళై వచ్చేదాకా సాంచె ముఖం చూసిన దాన్ని కాదు. పుట్టింట్లో మేమంతా బీడీలు చుట్టేవాళ్ళం. ఆకు కత్తిరించడం, చుట్టడం, దారం కట్టడం తప్ప వేరే పని ఎరగను. భివండీకి వచ్చిన మొదటి రోజు కింద నాలుగు సాంచెలు ఒక్కసారి మొదలయ్యేసరికి రెండు చెవులూ మూసుకున్నాను. నాడె అంటే ఏమిటో కూడా అప్పుడే చూశాను. జానెడున్నర పొడవు చెక్క. నూలు చుట్టిన కండెను కడుపులో పెట్టుకుని, సాంచెకు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడుతుంది. రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. మరాఠీ వాళ్ళు దాన్ని ధోటా అంటారు. అది పోయేటప్పుడు కంటికి ఆనదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

ఆ నాలుగు సాంచెలనూ నడిపేది ఒక అన్న. మా జిల్లా మనిషే. ఊళ్ళో సెంటు భూమి లేక భార్యతో వచ్చి, మా కార్ఖానాలో కూలికి చేరాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. కండెలు చుట్టడం నాకు ఓపిగ్గా నేర్పింది ఆయనే. "దారం గుంజకు చెల్లె, అదే అస్తది" అనేవాడు. నేను తెంపిన దారాలన్నీ ఆయన ముడి వేసుకునేవాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

దసరాకు సాంచెలను కడిగి పూజ చేస్తారు. ఆ ఏడాది నాకు మొదటి దసరా. అత్త బయటికి పోతూ పని చెప్పింది. "డబ్బాల రోగన్ ఉన్నది. గేటుకెయ్యి, దర్వాజకెయ్యి, సాంచెల కాళ్ళకెయ్యి. మిగిలితె పారబొయ్యకు." నేను గేటుకు వేశాను, దర్వాజకు వేశాను, సాంచెల కాళ్ళకు వేశాను. డబ్బా అడుగున ఆ గోధుమరంగు వార్నిషు ఇంకా ఇంత మిగిలింది. పూజకు ఇత్తడి పళ్ళెంలో పెట్టిన ఆరు నాడెలు నా కళ్ళ ముందున్నాయి. మకిలిగా, నల్లగా, చేతి చెమట తాగి ఉన్నాయి. కొత్త కోడలి బుద్ధి. దేవుడి ముందు పెట్టేవి ఇట్లా ఉంటాయా అనుకున్నాను. ఒక్కోదాన్ని తుడిచి, కింద మీద అంతా రెండు పూతలు వేశాను. ఎండలో పెట్టి ఆరబెట్టాను. ఎంత బాగున్నాయో నాకే ముద్దొచ్చింది.

సాంచెల ఇంట్లో పుట్టిన ఆరేళ్ళ పిల్ల కూడా ఆ పని చేయదు. నాడెకు నూనె రాస్తారు, గాజుపెంకుతో గీకుతారు, ఎండాకాలం ఒకలా, వానాకాలం ఒకలా చూసుకుంటారు. రోగన్ మాత్రం చూపించరు. పైకి ఆరినట్టే ఉంటుంది కానీ ఉక్కకు, రాపిడికి మళ్ళీ జిగురెక్కుతుంది. జిగురెక్కిన నాడె సాంచె కొసన ఉండే తన పెట్టెలోంచి ఒక క్షణం ఆలస్యంగా బయటపడుతుంది. ఆ ఒక్క క్షణం చాలు, దారి తప్పి పైకి లేస్తుంది. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నాను, ఒక్కో ముక్కా ఒక్కో ఏడాది, ఎవరినీ సూటిగా అడగకుండా.

పూజప్పుడు దీపం వెలుగులో నాడెలు తళతళలాడుతుంటే మామ చూశాడు. "నూనె రాసినవా బిడ్డా? మంచిగున్నయి" అన్నాడు. నేను తల ఊపాను. నూనె కాదు మామా అని అనడానికి ఎంతసేపు పడుతుంది? పది మందిలో మెచ్చుకున్నాడు కదా, ఆ మెప్పు పోతుందని తల ఊపాను. ఆ తల ఊపు ఇప్పటికీ నా మెడకు నొప్పి.

పండుగ మర్నాడు పొద్దున సాంచెలు మొదలయ్యాయి. నేను పైన రొట్టెలు కాలుస్తున్నాను. నాలుగు చప్పుళ్ళలో ఒకటి ఠపీమని తెగింది. తర్వాత కేక. దిగి వెళ్ళేసరికి అన్న నేల మీద కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా వచ్చింది. మామా, మా ఆయనా, పక్క కార్ఖానా వాళ్ళూ ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు పోయారు.

మధ్యాహ్నం మామ తిరిగి వచ్చాడు. చాయ్ తీసుకుని కిందికి వెళ్ళాను. చివరి సాంచె వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్ళో నాడెలు. చేతిలో గాజుపెంకు. నేను వేసిన రోగన్‌ను గీకుతున్నాడు, పాదాల దగ్గర గోధుమరంగు పొట్టు రాలుతోంది. తలెత్తి నన్ను చూశాడు. "పైకి పో" అన్నాడు. అంతే. ఆ రోజూ, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, దాని గురించి ఆయన నాతో అన్న మాటలు ఆ రెండే.

సాయంత్రానికి మా గదుల వరుస, చాల్ అంతా ఒకటే మాట. పండుగకు తాగింది దిగక ముందే సాంచె ఎక్కాడు, నాడె తగిలించుకున్నాడు. ఆ మాట మామ నోటి నుంచి వచ్చింది. నల్లా దగ్గర బిందె నింపుకుంటూ అత్త దాన్ని నలుగురికీ పంచింది. దసరా మర్నాడు ఆ మాట నమ్మడానికి ఎవరికీ సాక్ష్యం అక్కర్లేదు. నేను బిందె నెత్తిన పెట్టుకుని వాళ్ళ పక్కనుంచే నడిచి వచ్చాను. మామ నన్ను కాపాడుతున్నాడని లోపల కృతజ్ఞత కూడా కలిగింది. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ కలిగింది.

నెల తర్వాత అన్న కంటికి తెల్ల పొరతో తిరిగి వచ్చాడు. మా సాంచెల మీద అప్పటికే వేరే మనిషి ఉన్నాడు. ఒక కన్నుతో సాంచెలు నడిపేవాళ్ళు భివండీలో లేకపోలేదు. తాగుబోతుకు మాత్రం ఎవరూ సాంచె అప్పగించరు. గల్లీ గల్లీ అడిగాడని విన్నాను. తర్వాత పక్కనున్న పూర్ణ ఊరి గోదాముల్లో మూటలు మోయడానికి పోయాడని విన్నాను. విన్నప్పుడల్లా పొయ్యి దగ్గరికో, కండెల దగ్గరికో పోయి తల వంచుకుని పని చేశాను. మామ నన్ను ఆ రోజు నలుగురిలో నిలబెట్టి తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఒక్క రోజు ఏడ్చి ఊరుకునేదాన్ని.

మామ పోయాడు. సాంచెల పని ఏటికేడు పలచబడింది. పోయిన వేసవిలో నాలుగింటినీ పాత ఇనుము వాళ్ళకు ఇచ్చేశాం. మా ఆయన టెంపో నడుపుతున్నాడు. నేను పొద్దున్నే ధామన్కర్ నాకాలో ఆటో ఎక్కి పూర్ణ పోతాను. గోదాములో పొద్దస్తమానం నిలబడి అట్టపెట్టెలకు చీటీలు అతికించడం నా పని. మెరిసే పెట్టెలు, మెరిసే చీటీలు. ఇంటికి వచ్చేసరికి మడమలు నావి కావు.

ఆ గోదాము గేటు దగ్గర వాచ్‌మన్ ఆ అన్నే. మొదటి రోజు నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "ఏం చెల్లె, నువ్వు గూడ గీడికే అస్తివా?" అని నవ్వాడు. బయటికి పోయేటప్పుడు అందరి సంచులూ బల్ల మీద పెట్టించి చూస్తారు. నా వంతు వచ్చేసరికి ఆయన చెయ్యి ఊపేవాడు. "మా పద్మనగర్ చెల్లె, పోనియ్" అనేవాడు తోటి వాచ్‌మన్‌తో. నేను తల వంచుకుని పోయేదాన్ని.

సాంచెలు పోయాక కార్ఖానా ఊడుస్తుంటే, మీటరు బోర్డు వెనక గుడ్డలో చుట్టిన ఒక నాడె దొరికింది. ఒక మొన వంగి ఉంది. దాని మీద రోగన్ ఉన్నది ఉన్నట్టే ఉంది, సన్నటి పగుళ్ళు తప్ప. మిగతా ఐదింటినీ గీకిన మామ దీన్ని మాత్రం ఎందుకు గీకలేదో, ఎందుకు పారేయలేదో తెలియదు. అత్తకు చూపించాను. ఆమె చూసి, "మీ మామకు పారేసెతందుకు చెయ్యి రాలే" అంది. ఆమెకు అంతా తెలుసన్నమాట. పక్కకు తిరిగి పడుకుంది.

దాన్ని టిఫిను సంచిలో పెట్టుకుని పూర్ణ పోయాను. ఆయనకు ఇచ్చి చెప్పేద్దామని. ఆ రోజు చెప్పలేదు. మర్నాడు చెప్పలేదు. తొమ్మిది రోజులు ఆ నాడె నాతో పాటు ఆటోలో వచ్చింది, పోయింది. తొమ్మిది సాయంత్రాలు ఆయన నా సంచి చూడకుండానే పంపాడు. చూస్తే బాగుండునని ఉండేది, చూడకపోతే ప్రాణం లేచి వచ్చేది.

పదో రోజు గోదాములో ఏదో పోయింది. ఎవరినీ వదలకుండా సంచులు చూడమని పైనుంచి మాట వచ్చింది. "ఏమనుకోకు చెల్లె, సాబ్ నిలబడ్డడు" అంటూ ఆయన నా సంచిలో చెయ్యి పెట్టాడు. టిఫిను డబ్బా పక్కన ఆ చెక్క తగిలి చెయ్యి ఆగిపోయింది. బయటికి తీసి, బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "నాడె. సాంచెలు అమ్మిన్రు గదా, గిదెందుకు మోస్తున్నవ్?"

"నీతోని మాట్లాడాలె అన్నా" అన్నాను.

డ్యూటీ దిగి వచ్చేదాకా చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాను. వచ్చాడు. అంతా చెప్పాను. డబ్బా అడుగున మిగిలిన రోగన్, రెండు పూతలు, నూనె రాశావా అంటే తల ఊపడం, మామ గాజుపెంకు, నల్లా దగ్గర అత్త మాట, అన్నీ. చెప్తున్నంతసేపూ ఆయన నాడెను వేళ్ళతో తిప్పుతూనే ఉన్నాడు. తిడతాడని ఎదురు చూశాను. తిడితే బాగుండునని ఉండింది నాకు.

"కొత్తవనుకున్న" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఏడాది సంది మీ మామను అడుగుతున్న, నాడెలు అరిగినయి, కొత్తవి తెమ్మని. పండుగ తెల్లారి అచ్చి చూస్తె మెరుస్తున్నయి. తెచ్చిండు ముసలోడు అని మస్తు సంబరమైంది. అన్నిట్ల మంచిగ మెరిసేది ఏరుకున్న. ఎక్కిచ్చే ముంగట కండ్లకద్దుకుంటం గదా చెల్లె, అద్దుకున్న. వాసనచ్చింది. కొత్తదాని వాసననుకున్న."

ఆ ముక్క నాకు ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ తట్టలేదు. నేను పూసిన పూతను ఆ మనిషి రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. చాయ్ బండి అతను రెండు గ్లాసులు పెట్టి, మా వైపు చూడకుండా పోయాడు.

ఏడుపు తగ్గేదాకా ఉండి, అన్న ఒక్కటే అడిగాడు. "మా ఇంటామెకు చెప్తవా? దసరా దసరాకు దీపం ముంగట నిలబెట్టి, తాగనని ఒట్టు పెట్టిస్తది. గా కన్ను తాగి పోగొట్టుకున్ననని ఆమె లోపల మస్తు కోపమున్నది. నేను జెప్తె నమ్మది."

ఇద్దరం ఒకే ఆటోలో పద్మనగర్ వచ్చాం. వాళ్ళది వెనక గల్లీలో ఒక్కటే గది. వదిన గుమ్మం లోపల కూర్చుని, గుట్టగా పోసిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోయి, నీళ్ళివ్వడానికి లేవబోయింది. వద్దని కూర్చోబెట్టి, నాడెను ఆమె ముందు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి చెప్పడం తేలిక అవుతుందనుకున్నాను. కాలేదు.

వదిన కత్తెర కింద పెట్టింది. నాడె మీద బొటనవేలితో రుద్దింది. ఒక పెచ్చు లేచి ఆమె గోరుకు అంటుకుంది. నా మొహం చూడలేదు. అంతసేపూ గుమ్మం బయటే నిలబడి, ఇప్పుడు చెప్పులు విడుస్తున్న అన్న వైపు తిరిగింది.

"గా దినం పొద్దుగాల నువ్వు తాగలేదా?"

"పండుగనాడు తాగిన. పొద్దుగాల ఏడ తాగిన?"

"మరి గీ మాట ఇరవై ఏండ్లల్ల ఒక్కపారన్న ఎందుకు చెప్పలే? ఏడాదికోపారి నా ముంగట ఒట్టెట్ల పెట్టినవ్?"

ఆయన ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"నాకేం ఎర్క?" అన్నాడు. "అందరు గదే అనవట్టిరి. మా సేటు, ఈమె మామ గూడ గదే అన్నడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు గదా. తాగింది దిగలేదేమో, నాదే తప్పేమో అనుకున్న."